ఎర్సాండ్ దొరసాని నాలుగో పెళ్ళి

చిరంజీవి ఎర్సాండ్‌కు, బాబాయి గోషే దీవించి రాయునది.

ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం కులాసా. నీ మూడో మొగుడు పోయి ఏడాది దాటింది. ఆడదాని చేతిలో కోట ఉంటే నా యుద్ధాలకు రౌతుల్ని నడిపించేదెవరు? వాల్‌కూర్ తిబో దొరకు ఈమధ్యే భార్య పోయింది. ఆరుగురు పిల్లలు. నీకు సరిజోడు. చలికాలం మొదట్లో వచ్చే సెయింట్ మార్టిన్ పండుగలోగా పెళ్ళి చేసుకోకపోతే కోట వెనక్కి తీసుకుని నిన్ను మఠంలో వేయిస్తాను.

ఆశీస్సులతో,
నీ ప్రభువు, బాబాయి గోషే

తా.క.: మొదటి మూడూ నేను చూసిన సంబంధాలే. నా చేతి చలవ నీకు తెలియంది కాదు.

*

పూజ్యులైన బాబాయిగారికి, ఎర్సాండ్ మోకరిల్లి చేసుకునే విన్నపం.

మీ చేతి చలవ మరిచిపోతానా? మొదటాయన పెళ్ళినాటికే పళ్ళు లేనివాడు, మలుగు చేప గొంతులో అడ్డుపడి పోయాడు. రెండో ఆయన మీరు పెట్టిన ఈటెల పోటీలోనే గుర్రం మీంచి పడ్డాడు. మూడో ఆయన జెరూసలేం జయిస్తానని బయలుదేరి, ఓడ ఎక్కకముందే రేవులో విరేచనాలతో పోయాడు.

తిబో దొర బంగారంలాంటి మనిషి. కానీ ఆయన ఆరో పిల్లను జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఎత్తుకున్న జ్ఞానతల్లిని నేనే. జ్ఞానతల్లి అంటే బిడ్డ తండ్రికి తోబుట్టువేనని చర్చి శాసనం కదా! అన్నను పెళ్ళాడి నరకానికి పోమంటారా?

మీ విధేయురాలు,
ఎర్సాండ్

తా.క.: ఆ పిల్లకు నా పేరే పెట్టారు. అరుపు కూడా నాదేనట.

*

ఎర్సాండ్‌కు, గోషే రాయునది.

తిబో కాకపోతే మానెనని, వాడిలాగే భార్య పోయిన హ్యూగ్‌ను అడిగాను. "మా కవలల జ్ఞానతల్లి కదండీ" అన్నాడు. గోత్యేని అడిగితే "మా అక్కయ్యగారా!" అని చెంపలేసుకున్నాడు. ఏమిటమ్మా ఇది? ఏడాదిగా ఈ సీమలో పుట్టిన ప్రతి పసిగుడ్డునూ నువ్వే ఎత్తుకున్నావా? ఇంత భక్తి మన వంశంలో ఎవరికీ లేదే!

సరే, ఈసారి పెళ్ళే కానివాడు, రెనియే. నీకంటే చిన్నవాడు, అదృష్టం అనుకో. పిల్లల్లేనివాడికి తోబుట్టువు ఎలా అవుతావో నేనూ చూస్తాను.

నీ ప్రభువు,
గోషే

తా.క.: పందిమాంసం తెగ తింటాడు. వంటవాళ్ళకు చెప్పి ఉంచు.

*

బాబాయిగారికి, ఎర్సాండ్ నమస్కారాలు.

రెనియేకు పెళ్ళి కాలేదన్నారు, నిజమే. పిల్లల్లేరని ఎవరన్నారు? మా పిండిమర జాక్ కూతురికి ఒక మగపిల్లాడు. పోయిన ఈస్టరుకు నేనే ఎత్తుకున్నాను. పాదిరిగారు "తండ్రెవరయ్యా?" అంటే వెనక వరసలో రెనియే దగ్గాడు.

మీ దురదృష్టవంతురాలు,
ఎర్సాండ్

తా.క.: మీ ఉత్తరాలు రాసే పాదిరిని కూడా పంపకండి. ఆయనకు ఇద్దరు పిల్లలు.

*

ఎర్సాండ్!

నువ్వు తాడిని తన్నితే నీ తల తన్నేవాణ్ణి నేను. ఊరూరా మనుషుల్ని పంపి విచారించాను. పెళ్ళాం, పిల్లలు, పిండిమర ఏదీ లేని రౌతు ఒక్కడే తేలాడు. నీ గుర్రపుశాల చూసే ఒంటిచెవి ఆర్నూల్. జానెడు నేల లేదు వాడికి. వాడే నీ మొగుడు. నా మాట లెక్కచేయనందుకు అదే శిక్ష.

గోషే

తా.క.: ఇప్పుడు చెప్పు, ఏ బిడ్డను ఎత్తుకున్నావో!

*

బాబాయ్!

కొట్టండి, తిట్టండి, మఠంలో వేయండి. ఆ మనిషి మాత్రం వద్దు! గుర్రాలతో తప్ప మనుషులతో మాట్లాడడు. పాట ఎత్తుకుంటే వేటకుక్కలు లేచిపోతాయి. ఉన్న ఒక్క చెవీ నా మాట వినదు. నలుగురిలో నా పరువేం కాను?

ఏడుస్తూ,
ఎర్సాండ్

తా.క.: తప్పదంటే సెయింట్ మార్టిన్ దాకా నాన్చి చంపకండి. ఆ వేసే శిక్షేదో త్వరగా వేసేయండి.

*

ఎర్సాండ్‌కు,

వచ్చే ఆదివారమే ముహూర్తం. నీ ఏడుపు చూడ్డానికి నేనే వస్తున్నాను.

గోషే

తా.క.: పెద్దబాతును వేయించు. మోకాళ్ళు బాగాలేకపోయినా పళ్ళు గట్టివే.

*

పూజ్యులైన బాబాయిగారికి, ఎర్సాండ్, ఆర్నూల్ క్రిస్మస్ నమస్కారాలు.

పెళ్ళినాడు నేనేడుస్తుంటే మీరు రెండోసారి బాతు వడ్డించుకున్నారు. అది దొంగ ఏడుపు కాదు బాబాయ్. మూడుసార్లు మీరు చెప్పినచోట తలవంచాను. నీకేం కావాలని ఒక్కరూ అడగలేదు. మూడో ఆయన పోయిన చలికాలంలో "ఏమైనా తిన్నారా అమ్మా?" అని అడిగింది ఆర్నూల్ ఒక్కడే. ఆయన్ని ఇమ్మంటే మీరు ఇస్తారా? జానెడు నేల లేదే! అందుకే మీ కన్ను పడే ప్రతి మగాడి బిడ్డనూ చేతులు పడిపోయేలా ఎత్తుకున్నాను. ఆయన పాట మాత్రం నేను చెప్పినంత ఘోరమే.

మీ విచారణలో పొరపాటు ఒక్కటే. ఆర్నూల్‌కూ బిడ్డ ఉంది, మీరు వెతికిననాటికే. ఈస్టరుకు బయటికొస్తుందని మంత్రసాని అంటోంది. మీరే జ్ఞానతండ్రి. వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టకుండా రండి.

మీ చేతి చలవతో చల్లగా ఉన్న,
ఎర్సాండ్

తా.క.: జ్ఞానతల్లిని కూడా మీరే వెతకండి. కన్నతల్లే తొట్టి దగ్గర బిడ్డను ఎత్తుకుంటే మొగుడు అన్న అయిపోతాడట, చర్చి విడదీస్తుందట. ఈ ఒక్క బిడ్డనూ నేను ఎత్తుకోను. ఈ ఒక్క మొగుడూ నాకు కావాలి.