జమేదార్ అసమ్మతి

అబిడ్స్,
మంగళవారం.

పూజ్యులు వామన్‌రావు తాతగారికి పవన్‌కుమార్ నమస్కరించి రాసుకునే క్షమాపణ పత్రం.

మొన్న ఆదివారం పెళ్లిచూపులకని మా నాన్న గోపాలరావు గారితో నాంపల్లిలోని మీ ఇంటికి వచ్చాను. మీ హాల్లోని గాజుతొట్టెలో ఏడేళ్లుగా కొలువు తీరిన జమేదార్ అనే చేపగారి మనసు నా ముఖం వల్ల గాయపడిందని తెలిసింది. అందుకు, ఈ ముఖాన్ని నాకిచ్చిన తల్లిదండ్రుల తరఫున, వాళ్లకిచ్చిన ముత్తాతల తరఫున, ఇకముందు ఇది సంక్రమించబోయే అమాయకుల తరఫున కూడా క్షమాపణ కోరుతున్నాను.

సంబంధం తెచ్చిన జనార్దన్ మామయ్య వచ్చి చెప్పాడు. అబ్బాయి చదువు బాగుందట. కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్షించే ఉద్యోగమూ బాగుందట. కానీ మేమొచ్చిన అరగంటకే చేప రంగు వెలిసి, రెక్కలు ముడుచుకుని, అడుగున పడుకుందట. అంటే వద్దన్నట్టేనట. మీ ఇంట్లో సంబంధమైనా, కిరాయికొచ్చేవాళ్లైనా దాని ముందు నిలబడి నెగ్గాల్సిందేనట.

తాతగారూ, ఆ రోజు చుట్టాలొస్తున్నారని పొద్దున్నే తొట్టెలో నీళ్లన్నీ పారబోసి కుళాయి నీళ్లు పట్టామని మీ శ్రీమతి విద్యావతి బామ్మగారే సంతోషంగా చెప్పారు. రాళ్లు తోమారు. కొత్త నీలం బల్బు పెట్టారు. పైగా పదకొండు మందిమి చుట్టూ మూగాం. నిద్ర లేచేసరికి ఇల్లు మారిపోయి, నెత్తిన బల్బు వెలుగుతూ, పదకొండు మంది తొంగి చూస్తుంటే ఎవరైనా అడుగునే పడుకుంటారు. అది బెదురు, తీర్పు కాదు. మీ మనుమరాలు అక్షిత గారు నాకు నచ్చారు. దయచేసి మళ్లీ ఆలోచించండి.

ఇట్లు,
చేప మెప్పు పొందని
పవన్‌కుమార్

తా.క.: ఆ రోజు నేనూ ఏమీ తినలేదు. నా రంగూ వెలిసింది. సోఫా మూలకు నక్కి కూర్చున్నాను. ఎవరూ గమనించలేదు.

•

నాంపల్లి,
శుక్రవారం.

చిరంజీవి పవన్‌కుమార్‌కు వామన్‌రావు ఆశీస్సులు.

నా కండ్లకు మొన్ననే ఆపరేషన్ అయింది. మనుమరాలు అక్షిత రాస్తున్నది. మాట నాది, అక్షరం దానిది. ఫోన్ ఎందుకు చెయ్యలేదంటవేమో. ముప్పై నాలుగేండ్లు రికార్డు సెక్షన్‌ల నౌకరి చేసిన. కాగితం మీద లేనిది జరిగినట్టు నేనొప్పుకోను.

జమేదార్ ఇయ్యాల్టికి ఆరు దినాలాయె, గింజ ముట్టలే. నువ్వేమో బెదురంటున్నవ్. బెదరనీకి అదేమన్న కోడిపిల్లనా? పొద్దుగాల లేస్తే తొట్టి ఈ మూల నుంచి ఆ మూలకు పహారా డ్యూటీ చేసేది, అందుకే ఆ పేరు పెట్టిన. మునుపు ఖైరతాబాద్ సంబంధం వచ్చిన్నాడు గూడ గిట్లనే పండుకున్నది. ఆర్నెల్లకు ఆ పిలగాడు ముగ్గురు ఆఫీసర్లతోని కొట్లాడి నౌకరి ఇడిసిండు. ఇగ ఏమంటవ్?

అయినా దర్యాప్తు లేకుండ ఫైలు మూసెటోణ్ని కాదు. నీ ఫొటో ఒకటి పంపు. తొట్టికి అంటిపెట్టి చూస్త.

దస్తఖత్,
వామన్‌రావు

తా.క.: ఇది నేను, అక్షిత. ఖైరతాబాద్ వాళ్లు వచ్చిన రోజు కూడా నీళ్లన్నీ మార్చారు. మా ఇంటికి ఎవరొచ్చినా మారుస్తారు.

•

అబిడ్స్,
సోమవారం.

తాతగారికి నమస్కారాలు.

ఫొటో జతపరిచాను. దారిలో మడతపడకుండా షాపులోని నల్ల అట్టకు అంటించాను. నవ్వమని ఫొటోగ్రాఫర్ బతిమాలాడు. పళ్లు కనబడితే చేప అపార్థం చేసుకుంటుందేమోనని నవ్వలేదు.

నిన్న ఆదివారం ఇక్కడి ఫుట్‌పాత్ మీద చేపల పెంపకం పుస్తకం ఒకటి కొన్నాను. మొదటి ఇరవై పేజీలు లేవు. కాబట్టి చేప ఎలా పుడుతుందో నాకు తెలియదు. ఎలా బెంగపడుతుందో మాత్రం క్షుణ్ణంగా తెలుసుకున్నాను. రంగు తగ్గడం, మూల చేరడం, మేత మానడం, ఊరికే పైకి వచ్చి నోరు తెరవడం అన్నీ బెంగ లక్షణాలేనట. దయచేసి ఆ బల్బు ఆర్పండి, దగ్గర నిలబడి బుజ్జగించకండి. దాన్ని కొన్నాళ్లు దాని మానాన వదిలేయండి.

ఇట్లు,
ఫొటోలోనూ భయపడుతున్న
పవన్‌కుమార్

తా.క.: ఈ ఉత్తరం మీకు చదివి వినిపించేది ఎవరో నాకు తెలుసు. వారి అక్షరం గుండ్రంగా ఉంది. ఇది చేపకు సంబంధించిన విషయం కాదు.

•

నాంపల్లి,
మంగళవారం.

చిరంజీవి పవన్‌కుమార్‌కు,

నీ ఫొటో జనార్దన్ చేతికిచ్చి పంపితివి, పొద్దుగాలనే అందింది. వెంటనే తొట్టికి అంటిపెట్టిన. జమేదార్ అడుగుల నుంచి లేచింది. లేచిందని సంబరపడ్డ. అదొచ్చి తలతోని అద్దాన్ని గుద్దింది. ఒకసారి గాదు, తొమ్మిదిసార్లు. నెత్తి మీది బుడిపె గీరుకపోయింది. విద్యావతి ఏడ్చింది.

ఇది పోయిన జన్మ పగ బిడ్డా. నువ్వు మంచోనివే, నాకెరికె. కాని ఏడేండ్లు నా మాట అది విన్నది, దాని మాట నేనిన్న. ఇంకో సంబంధం చూడమని జనార్దన్‌కు చెప్పిన. ఈ ఆదివారం వాళ్లొస్తున్నరు. ఫైలు మూసిన.

దస్తఖత్,
వామన్‌రావు

తా.క.: తాత ఫొటోను తన వైపు తిప్పి అంటించాడు. మీ ముఖం చూసింది తాత. జమేదార్ చూసింది వెనక నల్ల అట్ట. నేను చెబితే పక్షపాతం అంటాడు. చూపు సంగతి చదువుకున్నది మీరు. ఆదివారానికి ఎక్కువ రోజులు లేవు.
అక్షిత

•

అబిడ్స్,
బుధవారం, ఉదయం.

తాతగారికి నమస్కారాలు.

మూసిన ఫైలు తెరిపిస్తున్నందుకు మన్నించండి. అద్దానికి అవతల నల్లనిది పెట్టి, ఇవతల వెలుగు వేస్తే, ఇవతల ఉన్నవాళ్లకు తమ ముఖమే కనబడుతుంది. మా షాపులో రోజూ చూసేదే. జమేదార్ గుద్దింది నన్ను కాదు. తన ఇంట్లో తనంతవాడు మరొకడు దిగాడనుకుని పోట్లాడింది. నమ్మకం కుదరకపోతే నా ఫొటో పీకేసి, అదే అట్ట మీద మీ ఫొటో పెట్టి చూడండి. ఒక్క నిమిషమే. దాని బుడిపె ఇక తట్టుకోలేదు.

తర్వాత ఆ అట్ట తీసేయండి. తొట్టెకు మూడు వైపులా బట్ట కప్పండి. బకెట్టులో ఒక రోజు నిలవ ఉంచిన నీళ్లు పావు వంతు మాత్రమే మార్చండి. చిటికెడు కల్లుప్పు కరిగించి పోయండి. ఆదివారం వచ్చేవాళ్ల కోసం నీళ్లు మార్చకండి. మార్చకపోతే చేప హుషారుగా ఉంటుంది. చేప హుషారుగా ఉంటే ఆ అబ్బాయి నెగ్గుతాడు. అయినా సరే, మార్చకండి.

ఇట్లు,
స్వహస్తాలతో తన గొయ్యి తవ్వుకుంటున్న
పవన్‌కుమార్

తా.క.: వచ్చినవాడు మంచివాడైతే అది తోక ఊపుతుంది. చెడ్డవాడైనా ఊపుతుంది. దయచేసి ఈ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకోండి.

•

నాంపల్లి,
సోమవారం.

చిరంజీవి పవన్‌కుమార్‌కు వామన్‌రావు ఆశీస్సులు.

నా రిటైర్మెంటునాటి ఫొటో అంటిపెట్టిన, మెడల దండతోని ఉన్నది. జమేదార్ నీ ఫొటో కన్న గట్టిగ గుద్దింది. ఏడేండ్లు నా చేతుల తిన్నది. ఆ పూట నాకు గూడ అన్నం పోలే.

ఇగ నువ్వు రాసినట్టే చేసిన. శనివారం పొద్దుగాల రెండు గింజలు తిన్నది. ఆదివారం వాళ్లొచ్చిన్రు. పిలగాణ్ని చూసి తోక ఊపింది. వాళ్ల నాయనను చూసి ఊపింది. గ్యాసు బండ తెచ్చినోణ్ని చూసి ఊపింది. ఆఖరికి జనార్దన్‌ను చూసి గూడ ఊపింది. అప్పుడు నాకు సమజైంది. చేప ఎన్నడు జవాబు చెప్పలే. దానికి బాధైన్నాడు పండుకున్నది, బాధ లేన్నాడు లేచింది. దాని బాధను నేను సలహా అనుకున్న. గిన్నేండ్లు.

మరి ఇప్పుడు ఎవర్ని అడగాలె అని ఆలోచించిన. అక్షితను అడిగిన. ఇన్ని సంబంధాలొచ్చినా దాన్ని ఒక్కసారి గూడ అడగలేదని అప్పుడు యాదికొచ్చింది. అదేం చెప్పిందో రాయమంటే రాస్తలేదు, సిగ్గట. వాళ్లకు ఛాయ్ పోసి మర్యాదగ సాగనంపినం. వచ్చే ఆదివారం మీ పెద్దలను తోలుకొని రా.

ఫైలుల ఒక్క కాగితం తక్కువున్నది. ఆ దినం నువ్వు చేపను ఏం చెయ్యలేదని రాసి, దస్తఖత్ పెట్టి పంపు.

వామన్‌రావు

తా.క.: సిగ్గేం లేదు. తాత ముందు రాయడం ఇష్టం లేక ఆగాను. ఔ అన్నాను.
అక్షిత

•

అబిడ్స్,
బుధవారం.

పూజ్యులు తాతగారికి, పవన్‌కుమార్ సవినయంగా సమర్పించుకునే వాంగ్మూలం.

ఆ ఆదివారం నేను చేప నీళ్లు మార్చలేదు. రాళ్లు తోమలేదు. నీలం బల్బు వేయలేదు. ఫ్లాష్ వేసి ఫొటో తీయలేదు, తీసింది మా నాన్నగారు. దాన్ని వేపుడుతో పోల్చి మాట్లాడలేదు, పోల్చింది జనార్దన్ మామయ్య. పోయిన జన్మలో దానితో నాకు తగాదాలున్నట్టు ఎక్కడా రికార్డు లేదు. వచ్చే ఆదివారం అందరం వస్తాం. మా కోసం ఏ నీళ్లూ మార్చకండి.

ఇట్లు,
మీ మనుమడి వరస కాబోతున్న
పవన్‌కుమార్

తా.క.: ఈ వాంగ్మూలం నాలుగుసార్లు రాసి చింపాను. ఆ రోజు మీరంతా ఫలహారాల కోసం లోపలికి వెళ్లారు. మా నాన్నగారు చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. హాల్లో నేనూ, జమేదారూ మిగిలాం. ఈ ఇంట్లో ఏదైనా దాన్నే అడుగుతారని జనార్దన్ మామయ్య దారిలోనే చెప్పాడు. చదువుకున్నవాణ్ని కదా, నవ్వుకున్నాను. తర్వాత అటూ ఇటూ చూసి, వంగి, అక్షితకు నేను నచ్చుతానా అని అడిగాను. అది ఏమీ చెప్పలేదు. అద్దం మీద వేలితో కొట్టాను. గట్టిగా. మూడుసార్లు.