ఆయన సంతకం, నీ మాటలు

అక్కా,

నీకు మీ కాంగ్రెస్‌మన్ ఎక్కువా, నేనెక్కువా? ఇన్నేళ్ళూ అడగాలనుకుని అడగలేకపోయాను.

ఈరోజు ఆయన రిటైరయ్యాడు. నల్లటి జుట్టుతో మొదటిసారి గెలిచిన మనిషి, ముప్పై ఏళ్ళూ అమెరికా పార్లమెంటులో అదే సీట్లో ఉండి, కర్ర పట్టుకుని దిగిపోయాడు. చివరి ప్రసంగం ఇక్కడ విండ్సర్‌లో, మా ఇంట్లో టీవీలో చూశాను. నదికి ఇవతల కెనడాలో మా ఇల్లు, దాటితే డెట్రాయిట్‌లో ఆయన ఆఫీసు, అందులో నువ్వు. అయినా మా ఇంటికి రావడానికి నీకు తీరేది కాదు.

"ఈ వారం సార్‌కి ఓటింగుందే."

"ఓటేసేది ఆయనా, నువ్వా?" అంటే నవ్వేసేదానివి.

ప్రసంగంలో నీ పేరు చెప్పాడు. నియోజకవర్గంలో ఎవరు పోయినా, వాళ్ళ ఇంటికి తన సంతకంతో వెళ్ళే ఉత్తరం నువ్వే రాసేదానివట. చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నీకోసం ఏడవడానికి ఆయనెవరు?

నువ్వు చనిపోయిన వారానికి, నువ్వు రాసిపెట్టిన ఆ ఉత్తరమే ఆయన సంతకంతో నాకూ వచ్చింది. 'ఆమె తాగిన కప్పుని తీసెయ్యడానికి తొందరపడకండి' అని ఇంగ్లీషులో ఉంది. అమ్మ పోయినప్పుడు వంటింట్లో నువ్వు నాతో అన్న మాట అది. నాకొక్కదానికే చెప్పావనుకున్నాను. ఊరందరికీ పంచిపెట్టావన్నమాట.

ఆ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. నువ్వు రాసిందని దాచుకోవాలో, ఆయన పంపాడని చింపెయ్యాలో నాకింకా తేలడం లేదు.

నీ చెల్లి