దర్బారు గదిలో స్తంభం

నీలం నగర్, షోలాపూర్
9 నవంబర్ 1991

అమ్మా పద్మా,

నీ ఉత్తరం అందింది. నా ఆరోగ్యం బాగానే ఉంది. బడికి పోతున్నాను, వస్తున్నాను, వండుకుంటున్నాను. పక్కింటి యల్లమ్మ అప్పుడప్పుడు రొట్టె పంపుతుంది. రొట్టెతో పాటు ఒక చురక కూడా పంపుతుంది. నిన్న గోడ మీద నుంచి, "సారూ, బడిల పోరగాండ్ల మీద అంత ఒర్రుతవట, ఇంట్ల నోరే తెరువవేంది? మాట్లాడితె పైసలైతయా?" అంది. రొట్టె బాగుందన్నాను. "అది నాకెరుకే, ఇంకేమన్న చెప్పు" అంది. గిన్నె కడిగి ఇచ్చేశాను.

మగ్గం సంగతి రాయాలి. మీ అమ్మ పోయాక దాన్ని నేను ముట్టుకోలేదు. ఆమె నేస్తున్న దర్బారు గది బొమ్మ, ఆ వాల్ హ్యాంగింగ్, అలాగే ఉంది. నేల, గోడలు, కిటికీలు అయ్యాయి. పైకప్పు ఒక్కటే మిగిలింది. మన వాళ్ల ఆనవాయితీ నీకు తెలుసు. పోయిన మనిషి మగ్గం మీద బట్ట ఉంటే సంవత్సరీకం లోపల సొంత రక్తం వాళ్లు నేసి దించాలి. లేకపోతే కోసెయ్యాలి. మాఘమాసంలో మీ అమ్మ సంవత్సరీకం, ఎంతో దూరం లేదు. కోయించేద్దామనే అనుకున్నాను. మొన్న ఒక సంగతి జరిగింది, అందుకే రాస్తున్నాను.

ఆ బొమ్మ ఏ పుస్తకంలోదో నీకు గుర్తుందా? పాత కాగితాల రద్దీ దుకాణంలో దొరికిన పెద్ద పుస్తకం, అట్ట చిరిగింది. సంస్థానం రాజులు ఉండిన పాత వాడా, ఆ భవంతిని ఇప్పుడు మ్యూజియం చేశారు, దాని బొమ్మల పుస్తకం. అలాంటివి దొరికినప్పుడల్లా నేను తెచ్చేవాణ్ణి. మీ అమ్మకు ఇంగ్లీషు రాదు. బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకొని, పుస్తకం ముందు తెరిచి పెట్టుకునేది. "తినే పల్లాలు గోడకు కొట్టిన్రేంది?" అనేది. "ఇంత నేల ఎవలు ఊడుస్తరో పాపం, నడుములు పోతయి" అనేది. బొమ్మల కింద ఏం రాశారో నన్ను చదివి చెప్పమనేది. చెబితే, "గంతేనా?" అనేది.

ఆ వాడా మీద కొత్త పుస్తకం వేస్తున్నారట. ఆ పని చూస్తున్న యమునాబాయి అనే ఆమె షోలాపూర్ వచ్చింది. మా హెడ్మాస్టరు మన ఇంటికి తీసుకొచ్చాడు. మగ్గం మీది దర్బారు గదిని వంగి దగ్గరగా చూసింది. తరువాత ఫోటోలు తీసుకుంది. పూర్తయితే ఆ వాడాలోనే పెడతారట. కొత్త పుస్తకంలో ఒక పేజీ నిండా వేస్తారట. కింద మీ అమ్మ పేరు వేస్తారట.

ఇన్నేళ్లు ఆమె నేసినవి ఎన్నో బజారుకు పోయాయి. దేని మీదా ఆమె పేరు లేదు. ఈ ఒక్కదాని కింద ఉండాలని నా కోరిక. అలాంటి పుస్తకంలోనే ఉండాలని. నువ్వు వచ్చి పైకప్పు నేసి దించు తల్లీ. బొమ్మ నేత నీకే వచ్చు. అల్లునికి నేను వేరే రాస్తాను.

మీ బాపు,
వాసుదేవ్


నీలం నగర్, షోలాపూర్
14 డిసెంబర్ 1991

పద్మా,

"బాపూ, ఆ మగ్గం ముందల కూసుంటె అమ్మ ఒళ్లె కూసున్నట్టే ఉంటది, నాతోని కాదు" అని రాశావు. ఆ ముక్క చదివి ఉత్తరం మడిచి పెట్టాను. నిన్ను బలవంతం చేయకూడదనుకున్నాను. కాని ఇప్పుడు అడగవలసింది ఇంకా పెద్దదయింది.

యమునాబాయి పిలిస్తే వాడా చూసి వచ్చాను. టికెట్టు తీసుకొని, చెప్పులు బయట విడిచి, తాడు కట్టిన దారి వెంట నడవాలి. పుస్తకంలో ఉన్నవన్నీ ఉన్నాయి. అద్దాలు, పల్లకి, గోడకు కొట్టిన పల్లాలు. మీ అమ్మ ఇంతకంటే బాగా చూసిందనిపించింది. పక్కన ఎవరూ లేకుండా అలాంటి చోట నిలబడటం నాకు చేతకాలేదు. పల్లాల దగ్గర ఒకసారి పక్కకు తిరిగి చెప్పబోయాను కూడా.

దర్బారు గదిలో యమునాబాయి మన మగ్గం ఫోటో తీసి చేతిలో పట్టుకుంది. గదిని చూసింది, ఫోటోను చూసింది. "గురూజీ, హా ఖాంబ్ కుఠలా?" అంది. ఈ స్తంభం ఎక్కడిది అని. నేనూ చూశాను. గది నడుమ స్తంభం లేదు. ఎప్పుడూ లేదట. మీ అమ్మ నేసిన దాంట్లో సరిగ్గా నడుమ, కనిపించినంత మేర, ఒక నల్లటి స్తంభం ఉంది.

ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. ఆ ఫోటోను రెండు పేజీల మీద పరిచి అచ్చువేశారు. రెండు పేజీలు కలిపి కుట్టిన మడతలో నీడ పడి నల్లగా కనిపిస్తుంది. ఆ నీడనే ఆమె స్తంభమనుకుంది. అన్నేళ్లు ఆ పుస్తకాన్ని నేనూ చూశాను. బొమ్మల కింది అక్షరాలు చదివి చెప్పాను తప్ప మడత ఉందని నాకూ తోచలేదు.

యమునాబాయి మర్యాదస్తురాలు. నవ్వలేదు. ఆమెతో వచ్చిన ఒకాయన నవ్వాడు. స్తంభం తీసేస్తే తప్పకుండా తీసుకుంటామని, ఉన్నది ఉన్నట్టు ఉండాలని మ్యూజియం వాళ్ల నియమమని ఆమె చెప్పింది. ఆ స్తంభం కింద నేల నుంచే మొదలై ఉంటుంది. దాన్ని తీయాలంటే అడ్డంగా నేసిన పేక నూలు మొత్తం విప్పాలి. మళ్లీ నేల నుంచి నేయాలి.

ఆలోచించాను. వచ్చేపోయే వాళ్లు దాని ముందు నిలబడి, పుస్తకం మడతను నేసిన ఆడమనిషి అని నవ్వుకోవడం నేను భరించలేను. ఆమె పేరు అలా నిలవకూడదు. విప్పడం నేను చేస్తాను, అది నాకు వచ్చు. మళ్లీ నేయడానికి నువ్వు రావాలి. ఆదివారం మొదలుపెడతాను.

బాపు


నీలం నగర్, షోలాపూర్
24 డిసెంబర్ 1991

పద్మా తల్లీ,

నీ కార్డు నిన్న వచ్చింది. "ఎవలో పుస్తకంల ఏసుకునేటందుకు అమ్మ చేసిన పని ఇప్పుతవా? ఇప్పితె మల్ల నీ ఇంటికి రాను" అని రాశావు. అంత పెద్ద అక్షరాలు నువ్వు చిన్నప్పుడు కూడా రాయలేదు. పోస్ట్‌మ్యాన్ చదివినట్టున్నాడు. ఇచ్చేటప్పుడు నా ముఖం వంక చూశాడు.

విప్పలేదు. నీ కార్డు రాకముందే మానుకున్నాను. ఎందుకో చెబుతాను.

ఆదివారం మగ్గం గుంటలో దిగి కూర్చున్నాను. ఎంత విప్పాలో ముందు చూద్దామని, నేసినంత మేర చుట్టుకున్న కర్రను వదులు చేసి బట్టంతా పరిచాను. మగ్గం మీద నాకు ఎప్పుడూ పైభాగమే కనిపించేది. కింద, నేను బడిలో ఉండగా నేసింది నేసినట్టు చుట్టలోకి పోయింది. యమునాబాయి చూసిందీ, ఫోటో తీసిందీ పైభాగమే. స్తంభం అడుగు ఎలా ఉందో నేను ఆ రోజే చూశాను.

అడుగున అది నలుపు కాదు. పాత టేకు రంగు. మొదలు దగ్గర పసుపు పూసిన పట్టీ ఉంది, దాని మీద కుంకుమ బొట్లు. దసరాకు మన ఇంటి నడుమ గుంజకు మీ అమ్మ పెట్టేవే. దానికి పైన ఒక చోట రంగు పలచబడి, చుట్టూ ఒరుసుకుపోయిన గీత ఉంది. నీ ఉయ్యాల తాడు కట్టిన చోటు. ఆ గీతకు కొంచెం పైన మేకు ఉంది. మేకుకు నా గొడుగు వేలాడుతోంది. వంకీ విరిగిన గొడుగే. విరిగిన వంకీని కూడా నేసింది.

పక్కనే మన గుంజ ఉంది. పైకప్పు రేకులను మోస్తూ, మగ్గానికి చేయి చాచేంత దూరంలో. ఒకసారి దాన్ని, ఒకసారి బట్టను చూస్తూ కూర్చున్నాను. యల్లమ్మ రొట్టె పట్టుకొని వచ్చింది. వంగి చూసి, "అగో, గిది మీ గుంజనే కదా సారూ! రాజు ఇంట్ల నీ గొడుగు తగిలిచ్చింది, సూడు దాని ధైర్నం!" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. తరువాత నవ్వు ఆగింది, ఇంకోటి ఆగలేదు. యల్లమ్మ రొట్టె అక్కడ పెట్టి వెళ్లిపోయింది. 

పుస్తకం మడతను చూసి స్తంభమనుకుందో, అక్కడొక గుంజ ఉంటే బాగుంటుందనుకుందో నాకు తెలియదు. ఆమెను అడగడానికి లేదు. ఎలాగైనా, పొరపాటున ఎవరూ గొడుగు నేయరు.

యమునాబాయికి రాశాను. స్తంభం తీయడం కుదరదని, అది మా ఇంటిదని రాశాను. ఆమె ఏమంటుందో తెలియదు. పుస్తకంలో పేరు పోతే పోనీ. ఈ మాట రాయడానికి ముందు చాలాసేపు పెన్ను పట్టుకొని కూర్చున్నాను.

మాఘం లోపల వస్తావా? విప్పి మళ్లీ నేసే పని కాదు, మిగిలిన పనే. మీ అమ్మ ఒళ్లో కూర్చున్నట్టుంటుందని అన్నావు. కొన్నాళ్లు కూర్చో. వంట నేను చేస్తాను, బాగుండదు, యల్లమ్మ ఉంది. రంగు నూలంతా కండెలకు చుట్టి పెట్టాను. పుస్తకంలో పైకప్పుకు బంగారు పూలు ఉన్నాయి. వాటినే వేస్తావో, మన రేకులు వేస్తావో నీ ఇష్టం. నేను ఏమీ చెప్పను.

నీ కోసం చూస్తూ,
బాపు