రమణమ్మ ఇంటి మీద చుక్క

గురువారం, మదనపల్లె

పుంగనూరులో రమణమ్మకు మా ఆస్పత్రి మాత్రలు ఇద్దామని వెళితే వాళ్ల అత్త గుమ్మంలోనే ఆపేసింది. "రక్తం పట్టే మాత్రలని నాకు చెప్పి, టీబీ మందులిస్తాండారా? ఊరంతా తెల్సు, నాకే తెలీదు. ఇంగ మా ఇంటికి రావద్దమ్మా" అని తలుపేసింది. లోపల రమణమ్మ ఏడుపు వినిపించింది.

ఆ గుట్టు తెలిసింది నాకూ, నాతో ఇళ్లకు తిరిగే శారమ్మకూ మాత్రమే. బస్సులో ఆమెను నిలదీశాను.

"దేవునితోడు అక్కా, నేను యాడా నోరిప్పలేదు. యాల నన్నట్ల సూస్తాండావు?"

నమ్మలేదు. అంత తొందరగా ఒట్టు వేసేవాళ్లంటే నాకు అనుమానమే.

ఇంటికొచ్చాక ఇంకో అనుమానం పట్టుకుంది. పోయిన నెల రోగుల చిరునామాల పట్టికను ఒక వెబ్‌సైట్‌లో పెట్టి, ఇంటికో చుక్కతో మ్యాపు చేశాను. దారి తెలుస్తుందని ఆ లింకును ఆస్పత్రి వాట్సాప్ గ్రూపులో పంపాను. ఇప్పుడు దాన్ని మా ఆయన ఫోనులో తెరిచాను. పాస్‌వర్డ్ అడగలేదు. రమణమ్మ చుక్క మీద వేలు పెట్టగానే పట్టికలో నేను రాసుకున్నదంతా వచ్చేసింది. పేరు, జబ్బు, చివర్లో "అత్తకు తెలియనివ్వొద్దు."

గ్రూపులో ముప్ఫై మంది ఉన్నారు. డ్రైవరా? క్యాంటీన్ ఆవిడా? ఎవరు ఎవరికి పంపారో...

శారమ్మది బటన్ ఫోను. ఆమె గ్రూపులోనే లేదు.

మొదట ఆ మ్యాపుకు రమణమ్మ ఇల్లు దొరక్క చుక్కను బస్టాండులో పెట్టింది. దాన్ని సందులోకి లాక్కొచ్చి, సరిగ్గా ఆమె ఇంటి కప్పు మీద పెట్టింది నేనే.