ఇనుము పోయిన చోటు

మార్చి 4
ఇవాళ కూడా ల్యాబ్‌కి నేనే ముందు. నీళ్ళ తొట్లు… అడుగున, సముద్రంలో మునిగిన దొంగల ఓడలోంచి తీసిన ముద్దలు. తుప్పు, ఇసుక, గవ్వలు కలిసి రాయి కట్టినవి. ముందు ఎక్స్‌రే, తర్వాతే సుత్తి. హాస్పిటల్లో రేడియాలజిస్టుగా రిటైరై, ఇక్కడ వాలంటీర్‌గా మళ్ళీ అదే పని — బయటికి కనబడనిది చూడ్డం. ఈ పేషెంట్లకి ఊపిరి బిగబట్టమని చెప్పక్కర్లేదు.

మార్చి 6
స్కూలు పిల్లలొచ్చారు. ల్యాబ్ నడిపే కేరొల్ చెబుతోంది… రాజు సంతకం పెట్టిన కాగితం ఉన్నన్నాళ్ళూ ఓడలు దోచేవాడు ప్రైవటీర్. యుద్ధం అయిపోయి కాగితం చెల్లకపోతే, అదే మనిషి పైరేట్, సముద్రపు దొంగ. ఒకమ్మాయి — “గోల్డ్ ఎక్కడ?” మేకులు, సీసపు గుండ్లు, పళ్ళెం ముక్క చూపించాం. మొహం చిన్నబుచ్చుకుంది.

మార్చి 11
పిడికిలంత ముద్ద. స్క్రీన్ మీద నల్లటి వలయం. ఇనుమంతా ఎప్పుడో తుప్పై పోయింది. అది ఉన్న చోటు మాత్రం ఖాళీగా, అచ్చులా మిగిలింది. వలయానికి రెండు చెవులు, కడ్డీ దూర్చే సందు.
సంకెల.
ఎక్స్‌రేలో నీడ అసలు కన్నా కాస్త పెద్దగానే పడుతుంది. అయినా ఇంత చిన్నది.

మార్చి 12
దొంగలు బానిసల ఓడని పట్టుకుంటే లోపలున్న వాళ్ళని వదిలేసి ఉంటారని, ఎందుకో, ఇన్నాళ్ళూ అనుకున్నాను. కేరొల్ తల అడ్డంగా ఊపింది. “కొందరు వాళ్ళలో కలిసిపోయారు. చాలామందిని సరుకుతో పాటే అమ్మేశారు.” మన ఓడా అంతే. దొంగల చేతికి వచ్చే ముందు మోసింది మనుషుల్నే.

మార్చి 13
పొద్దున కాఫీ దగ్గర మా ఆయనకి వలయం సైజు చెప్పాను. నలభయ్యేళ్ళు పిల్లల డాక్టరుగా చేశారు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూసుకున్నారు.
“ఈ మణికట్టుకి ఐదేళ్ళు. మహా అయితే ఆరు.”
కప్పు వదిలేసి బీచ్ వైపు వెళ్ళిపోయారు. నిద్రలో నడుస్తున్నట్టు.

మార్చి 14
పొగమంచు. సముద్రం లేదు, చప్పుడొక్కటే ఉంది.

మార్చి 17
కుడికన్ను. కంటి డాక్టరిచ్చిన గళ్ళ కాగితం మీద నడిమి గీతలు వంగుతున్నాయి, నీళ్ళలో చూసినట్టు. ఆ వలయం నిజంగా అంత చిన్నదేనా? లేక నా కన్నే చిన్నది చేసిందా? కేరొల్‌కి చెబితే ఈ కుర్చీ పోతుంది… చెప్పకపోతే, లేని పిల్లని ఉందన్నట్టవుతుంది.

మార్చి 18
చెప్పేశాను. “ముందే చెప్పాల్సింది” అంది కేరొల్, అంతే. నా ఎదురుగానే ఆ ఎక్స్‌రేని ఇంకో రేడియాలజిస్టుకి పంపించింది.

మార్చి 20
అతని జవాబు — తెరచాప తాళ్ళు కట్టే రింగు కావచ్చు. కావచ్చు. నేనూ ఎన్ని రిపోర్టుల్లో రాశానో ఆ మాట.
కేరొల్ తేల్చేసింది: ఖాళీలో రెసిన్ జిగురు పోద్దాం, గట్టిపడ్డాక పైపెంకు కొట్టేద్దాం, ఉన్నదేదో చేతికొస్తుంది.
“ఖాళీ పోతుంది కదా,” అన్నాను.
“పోతుంది.”

మార్చి 25
పోసేశారు. చిన్న బెజ్జంలోంచి, చుక్క చుక్కగా, తేనె పోసినట్టు. రేపటిదాకా ముట్టుకోకూడదు. అందరూ లంచ్‌కి వెళ్ళారు. నేను బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాను, ఎందుకో తెలీదు. కిటికీలోంచి ఎండ… ముద్ద మీద ఇంకా తడి ఆరలేదు.
ఈయన ఫోన్.
“ఏమైంది?”
“ఇంకా ఏం కాలేదు. బయల్దేరుతున్నా.”
సంచీ భుజాన వేసుకున్నాను.
“ఇంకాసేపు ఉండి రా,” అన్నారు. “పిల్ల ఒక్కతే కదా.”