రీకు పెట్టె మోయడానికి

తుక్కా నాయనా,

మా రీకు పోయిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఈ శనివారం వాణ్ణి మట్టిలో పెడుతున్నాం. నాకు చదువు తక్కువ, రాత ఎలా ఉన్నా కాస్త చదువుకో.

చిన్నప్పుడు వాడు మా సౌనా ఆవిరిగదిలో కూర్చుని గర్జిస్తూ పాడుతుంటే పక్కింటి కెర్తు, "మీ ఇంట్లో ఎలుగుబంటి దూరిందా ఏమిటే?" అని వెక్కిరించేది. ఆ గొంతే మీ బ్యాండును జర్మనీ దాకా తీసుకెళ్లింది. చివరికి ఆ గొంతులోనే పుండు లేచింది.

ఆపరేషనయ్యాక మాట పడిపోయింది. మీరెవరూ రాలేదు. "వాళ్లు రారులేమ్మా, గొంతు లేనివాడితో వాళ్లకేం పని?" అని వాడు పెదవులు కదిపి చెప్పాడు. మిమ్మల్ని లోలోపలే తిట్టుకున్నాను.

నిన్న కొట్లో మీ అమ్మ కనిపించింది. "మావాడు ఎన్నిసార్లో ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయాడు. జబ్బు మనిషిని ఇబ్బంది పెట్టకూడదన్నాడు" అంది. మన మనుషులింతే కదా, గౌరవమనుకుని దూరంగా నిలబడిపోతాం. వాడు మాత్రం తలుపు వైపు చూస్తూనే పోయాడు.

ఇప్పుడైనా దూరంగా ఉండకండి. పెట్టె మోయడానికి మా వైపు వాడి బాబాయి, మా తమ్ముడు తప్ప ఎవరూ లేరు. మీరు రాకపోతే చర్చి పనివాళ్లు మోస్తారు. వాళ్లెవరో వాడికి తెలియదు. బ్యాండు వాళ్లందరూ రండి. నల్ల కోటు లేదని ఆగిపోకండి, వేదిక మీద వేసుకునే ఆ తోలు జాకెట్లతోనే రండి. వాడికి మీరు అలాగే తెలుసు.

రీకు వాళ్లమ్మ