పెద్దమామయ్య ఎడమ భుజం

చిరంజీవి మేనల్లుడికి,

పెద్దమామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బాగా లేనిది మీ చిన్నమామయ్య బుర్ర ఒక్కటే. ఒక పెద్దమనిషి కోటుకి చేతులు పొట్టిగా వచ్చాయి. కొలత తీసింది వాడు, గుడ్డ కత్తిరించింది నేను. తప్పు కొలతలో ఉందని నేను, కత్తెరలో ఉందని వాడు. మాటా మాటా పెరిగింది. ఇప్పుడు మన కొట్టుకి ఎదురుగా గది అద్దెకి తీసుకుని వేరే కుట్టుకొట్టు పెడుతున్నాడు. ఇన్నేళ్లు ఒకే బల్ల మీద పనిచేశాం. పోతే పోనీ.

కిందటేడు నువ్వు కొట్టు ముందు మా ఇద్దర్నీ నిలబెట్టి తీసిన ఫొటో ఉంది కదా. అందులో నేను బాగా పడ్డాను. వాణ్ణి తీసేసి, నన్నొక్కణ్ణే పెద్దది చేసి పంపు. వాడు కొట్టు తెరిచేలోగా అది నా గోడకి ఎక్కాలి.

ఇట్లు,
మీ పెద్దమామయ్య

తా.క.: సిరా పూసి వాడి మొహం కప్పేద్దామని నేనే ఇక్కడ చూశాను. అది నా మీదకి కారింది. నువ్వు ఇంకో దారి చూడు.

పెద్దమామయ్యకి,

నమస్కారాలు. ఫొటో పంపుతున్నాను. మీరు అనుకున్నంత తేలిక కాదిది. స్నానాల గదిలో ఎర్రబల్బు పెట్టుకుని, నెగటివ్ నుంచి కొత్త ప్రింటు తీసి, బ్లేడుతో చిన్నమామయ్య చుట్టూ కోసి, ఖాళీలో గోడ ముక్క అతికించి, అతుకులు కుంచెతో కప్పి, దాన్ని మళ్లీ కెమెరాతో ఫొటో తీశాను. ఆ రోజు ఇంట్లో ఎవరికీ స్నానం లేదు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

మీరిద్దరూ విడిపోతున్నారని అమ్మ ఒకటే ఏడుపు. నాకూ మనసు బాగా లేదు.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క.: చిన్నమామయ్య మీ భుజం మీద వేసిన చెయ్యి మాత్రం ఉండిపోయింది. కోస్తే మీ భుజం కూడా ఊడొచ్చేలా ఉంది. దూరం నుంచి చూస్తే తెలియదు.

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. తెలియదన్నావు. కొట్లోకి వచ్చిన ప్రతివాళ్లూ నన్ను వదిలేసి ఆ చేతినే చూస్తున్నారు. ఒకావిడైతే, మీ వెనకాల పోయినవాళ్లెవరైనా తిరుగుతున్నారా అని అడిగి, తెచ్చిన గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది.

ఆలోచించగా నాకు సంగతి బోధపడింది. కొట్లో తనకీ వాటా ఉందని పదిమందికీ తెలిసేలా ఆ చెయ్యి ఉంచమని వాడే నీకు రాసుంటాడు. నువ్వు తలూపావు. మర్యాదగా ఆ చెయ్యి తీసెయ్.

ఇట్లు,
మీ పెద్దమామయ్య

తా.క.: సూది గుచ్చుకోకుండా ఆ చేతి వేలికి పెట్టుకున్న ఇత్తడి తొడుగు మా ఇంటిదేనట. చెయ్యి తీసేముందు అది ఊడబెరుక్కోమని మీ అత్తయ్య చెబుతోంది.

పెద్దమామయ్యకి,

నమస్కారాలు. చెయ్యి ఉంచమని నాకెవరూ రాయలేదు. ఇదిగో, తీసేశాను. అనుకున్నట్టే దాంతోపాటు మీ ఎడమ భుజం పోయింది. వేరే భుజం తెచ్చి అతికించాను. ఎక్కడిదని అడక్కండి. కోటు రంగు, ఎండ పడిన తీరు, అన్నీ చక్కగా కుదిరాయి. అతుకు నాకే కనిపించడం లేదు. మా కెమెరా క్లబ్బు పోటీకి పంపుదామా అని కూడా అనుకుంటున్నాను.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క.: ఈ గొడవలో మీ మెడ కొంచెం పొడుగైంది. హుందాగానే ఉంది.

మేనల్లుడికి,

ఈసారి ఆశీస్సులు లేవు. ఆ భుజం ఎవరిదో నేను నిన్ను అడగక్కర్లేదు. మీ చిన్నమామయ్యకి చిన్నప్పట్నుంచీ ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది. అది బయటికి కనపడకుండా లోపల దూది ఎక్కువ పెట్టి ఆ కోటు కుట్టింది నేనే. నా చేతి కుట్టు నేను పోల్చుకోలేనా? ఆ దూది సర్దుతుంటే కితకితలని వాడు కొట్టంతా గెంతాడు. అది గుర్తొచ్చి నాకు అన్నం సయించలేదు.

నిన్న వాడు ఎదురుగా కొట్టు తెరిచాడు. ఇక్కడేమో నా ఒంటి మీద వాడి భుజం. చెయ్యి తియ్యమంటే భుజం తెచ్చి పెట్టావు. నిజం చెప్పు, నువ్వు ఎవరి పక్షం?

పెద్దమామయ్య

తా.క.: మెడ సంగతి ఇంకా మొదలే పెట్టలేదు.

పెద్దమామయ్యకి,

పాదాభివందనాలు. నేను ఎవరి పక్షమూ కాదు, మధ్యలో ఇరుక్కుపోయాను. మీ మొదటి ఉత్తరం వెనకాలే చిన్నమామయ్య కూడా నాకు రాశారు. మిమ్మల్ని తీసేసి ఆయన్నొక్కణ్ణే పంపమన్నారు. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. మీ ప్రింటులోంచి కోసిన ఆయన ముక్క నా బల్ల మీదే ఉంటే, అందులోంచి మీకు భుజం తీశాను.

ఆయన ఫొటోతోనూ చిక్కే. మిమ్మల్ని తీసేసరికి ఆయన చెయ్యి గాల్లో వేలాడింది. కింద ఏదో ఒకటి ఉండాలి కదా అని ఒక కరెంటు స్తంభం అతికించాను. అన్నయ్య ఉండాల్సిన చోట స్తంభమేమిట్రా అని నన్ను చెడామడా తిట్టారు. దయచేసి ఈ విషయం ఆయన దగ్గర ఎత్తకండి.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క.: తిట్టినా, గోడకి మాత్రం పెట్టుకున్నారట. స్తంభం బాగా వచ్చింది లెండి.

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్యలిద్దరి ఆశీస్సులు. నీ ఉత్తరం చదవగానే నా ఫొటో చంకలో పెట్టుకుని రోడ్డు దాటాను. నా బదులు నిలబెట్టిన ఆ స్తంభాన్ని చూడొద్దూ? చూశాను. ఫొటోలో వాడు దాని మీద చెయ్యేసి తెగ సంబరపడిపోతున్నాడు. వాడేమో నా మెడ చూశాడు. ముందు వాడే నవ్వాడు. ఆ తర్వాత నాకూ ఆగలేదు.

"స్తంభం కంటే నువ్వే నయం అన్నయ్యా" అన్నాడు. ఆ సాయంత్రమే వాడి మిషను మళ్లీ మన కొట్లోకి వచ్చేసింది. మీ అమ్మకి చెప్పు, ఇక ఏడవక్కర్లేదు.

ఇద్దరం కూర్చుని, తప్పంతా నీదేనని తేల్చాం. నీకూ అదే శిక్ష వేద్దామని కత్తెర పుచ్చుకుని ఆల్బమ్‌లన్నీ దించాం. మీ చెల్లెలి పెళ్లిలో వెతికాం, నువ్వు లేవు. మీ పిల్లల పుట్టినరోజుల్లో లేవు. కెమెరా కొన్నాక ఒక్క ఫొటోలోనూ లేవురా నువ్వు. అన్నీ నువ్వు తీసినవే. కోయడానికి ఏమీ దొరక్క కత్తెర పట్టుకుని అలాగే కూర్చుండిపోయాం. మీ చిన్నమామయ్య కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

ఆదివారం కెమెరా తీసుకుని రా. మా ఇద్దరి మధ్యా నువ్వు నిలబడాలి. మీట మీ అత్తయ్య నొక్కుతుంది.

ఇట్లు,
మీ మామయ్యలు

తా.క.: నవ్వు మొహం నువ్వే తెచ్చుకో. తర్వాత అతికించడం మావల్ల కాదు.